చెన్నై వానల్లో సాగే ట్రిగ్గర్: ఒక ఇషాపూర్ పాయింట్ టూటూ రైఫిల్ కేస్ స్టడీ

రైఫిల్ నంబర్ 2 మార్క్ 4 స్టార్. బోరు (గొట్టం లోపలి వెడల్పు) .22 అంగుళం, సింగిల్ షాట్. బట్ సాకెట్ మీద కిరీటం గుర్తు, దాని కింద జి.ఆర్.ఐ. (చక్రవర్తి జార్జ్ ముద్ర), ఆ కింద ఇషాపూర్, 1943. తెచ్చినాయన బ్యాంకు మేనేజరుగా రిటైరైన పెద్దాయన. సొంతూరు నెల్లూరు జిల్లా, కాపురం అన్నానగర్‌లో. దీపావళి వెళ్లి వానలు బాగా పట్టుకున్న రోజుల్లో వచ్చారు. రైఫిల్‌తో పాటు ఒక ప్రింటవుట్ తుపాకులు రిపేరు చేసే నా బల్ల మీద పెట్టారు. కొనాల్సిన సామాన్ల జాబితా అది: నల్ల ప్లాస్టిక్ స్టాక్, డ్రిల్లింగ్ అక్కర్లేని స్కోప్ మౌంట్, 4-12 స్కోప్, బైపాడ్ (ముందు పెట్టే రెండు కాళ్ల స్టాండు), మజిల్ బ్రేక్ (మూతికి తగిలించి కిక్కు తగ్గించే సామాను), మ్యాచ్ ట్రిగ్గర్.

"మిగతావి నీ ఇష్టమయ్యా, ట్రిగ్గర్ మాత్రం మార్చాల్సిందే. వానాకాలం వచ్చిందంటే లాగుతూనే ఉండాలి. ఎప్పుడు పేలుతుందో దానికే తెలీదు" అన్నారు.

ఆ జాబితాలో చివరికి ఒక్కటీ కొనలేదు. వేరే సామాన్లు కొన్ని బిగించాం, కొన్ని లేత్ మీద చేయించాం. ఆయన్ని ఇంతకాలం ఏడిపించిన ట్రిగ్గర్ జబ్బు మాత్రం వేలెడు పొడవు కూడా లేని ఒక ఇనప గొట్టం లేకపోవడం వల్ల వచ్చింది. పాత మిలటరీ రైఫిళ్లకి సామాన్లు తగిలించాలని ముచ్చటపడేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తుంటారు కాబట్టి ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

ఈ రైఫిల్ ఎవరిది, ఎక్కడిది

మన దేశంలో .303 నిషిద్ధ బోరు. ఆ బోరుతో బ్రిటిష్ సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌ని ఉన్నదున్నట్టుగా మామూలు మనిషి లైసెన్సు మీద ఉంచుకోవడం కుదరదు. మన వేట రైఫిళ్లలో .315 బోరు అంతగా స్థిరపడటానికి కారణం కూడా అదే. బ్రిటిష్ వాళ్లు తమ సైన్యం వాడే తూటా జనం చేతికి రాకూడదనుకున్నారు. అందుకే అదే ఎన్‌ఫీల్డ్ యంత్రాన్ని 8 మిల్లీమీటర్ల మాన్‌లిహర్ తూటాకి మార్చి అమ్మారు. ఇషాపూర్ ఫ్యాక్టరీ తర్వాత కూడా ఆ .315నే చేస్తూ వచ్చింది.

నంబర్ 2 సంగతి వేరు. సిపాయిలకి తక్కువ ఖర్చుతో గురి నేర్పడానికి పాత .303 రైఫిళ్లకే .22 బ్యారెల్ వేసి, బోల్ట్ (తూటా వెనక మూసే కడ్డీ) తల మార్చి తయారుచేసిన ట్రైనర్ ఇది. 1926లో బ్రిటిష్ వాళ్లు రైఫిళ్ల పేర్లన్నీ మార్చి నంబర్లిచ్చినప్పుడు మామూలు షార్ట్ లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 అయింది, ఈ ట్రైనర్ నంబర్ 2 అయింది. బరువు, పొడవు, బోల్ట్ తిప్పే తీరు అన్నీ అసలుదాని లాగే ఉంటాయి. మ్యాగజైన్ పెట్టె ఉంటుంది కానీ లోపల స్ప్రింగ్ ఉండదు, ఖాళీ కేసులు (కాల్చాక మిగిలే తూటా డొక్కులు) పడటానికి మాత్రం పనికొస్తుంది. ఎన్‌సీసీలో చేసిన పాత తరంవాళ్లలో కొందరైనా దీన్ని భుజానికి ఆనించే ఉంటారు.

ఈ రైఫిల్‌ని పెద్దాయన తండ్రిగారు ఒక క్లబ్బు పాత సామాను వదిలించుకున్నప్పుడు తన లైసెన్సు మీద తీసుకున్నారట. ఆయన పోయాక వారసుడిగా కొడుకు లైసెన్సుకి ఎక్కింది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. పెద్దాయన వారానికోసారి క్లబ్బుకెళ్లి 50 మీటర్ల దూరంలో పడుకుని కాలుస్తారు. వేట లేదు, ఇంకోటి లేదు.

కాగితాల మాట ఎందుకు ఎత్తానంటే, ఆ ప్రింటవుట్ అమెరికావాళ్లది. అక్కడ రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిగిలిపోయిన ఎన్‌ఫీల్డ్‌లు గుట్టలుగా దిగాయి. 1968లో చట్టం మారేదాకా కూపన్ నింపి పంపిస్తే పోస్టులో ఇంటికే వచ్చేవి. చవగ్గా దొరికిన సరుకు కాబట్టి కోశారు, గీశారు, ప్లాస్టిక్ తొడిగారు, వాటికి సామాన్లమ్మే దుకాణాలు వెలిశాయి. మన దగ్గర ఆయుధాల చట్టం, 1959 ప్రకారం తుపాకీ విడిభాగం కూడా ఆయుధం కిందికే వస్తుంది. చప్పుడు గానీ మంట గానీ తగ్గించే సామానైతే ఏకంగా ఫైర్ఆర్మ్ నిర్వచనంలోనే ఉంది. బ్యారెల్ పొట్టిచేయడానికి విడిగా లైసెన్సు కావాలి. నంబరు చెరిపితే అది వేరే నేరం. నాలాంటివాడు రిపేరు చేయాలన్నా లైసెన్సుండాలి, వచ్చిన ప్రతి తుపాకీ నంబరు, యజమాని లైసెన్సు వివరాలు రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఇవన్నీ తెలిసిన పెద్దమనుషులు కూడా వెబ్‌సైట్‌లో బొమ్మ చూడగానే మర్చిపోతారు. మజిల్ బ్రేక్‌ని అక్కడికక్కడే కొట్టేశాను. పాయింట్ టూటూకి కిక్కే ఉండదు, దాన్ని తగ్గించేదెందుకు? పైగా ఐ.ఎస్.ఎస్.ఎఫ్. (అంతర్జాతీయ షూటింగ్ సంఘం) పోటీల్లో రైఫిల్‌కి మజిల్ బ్రేక్ నిషేధం.

స్కోప్, బైపాడ్ కూడా అలాగే పోయాయి. 50 మీటర్ల రైఫిల్ పోటీలో స్కోప్ ఒప్పుకోరు, పడుకుని కాల్చేటప్పుడు ఆసరా చేతికి చుట్టుకునే పట్టీ, అంటే స్లింగ్‌దే తప్ప కాళ్లున్న స్టాండుది కాదు. వెటరన్స్ (పెద్ద వయసువాళ్ల) పోటీల్లో పేరివ్వాలని ఆయనకి మనసులో ఉంది. అది బయటపడ్డాక జాబితాలో సగం దానంతటదే చచ్చిపోయింది.

స్కోరు పుస్తకం

బ్యాంకు ఉద్యోగం చేసిన చెయ్యి కదా, ఆయన దగ్గర స్కోరు పుస్తకం ఉంది. తారీఖు, ఎండా మబ్బా, ఏ తూటా, గ్రూప్ (వరసగా కాల్చిన తూటాల గుంపు) ఎక్కడ పడింది, ట్రిగ్గర్ ఎలా ఉంది, అన్నీ పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో రాసి పెట్టుకున్నారు. అది ఇలా ఇవ్వండి అని తీసుకుని ఆ సాయంత్రం తిరగేశాను.

మేలో కత్తిరి ఎండల రోజుల్లో రాసుకున్న మాటలు: "ట్రిగ్గర్ గట్టిగా, పొట్టిగా. మొదటి పుల్ దాదాపు లేదు." గ్రూపులు కాస్త కిందికి. అక్టోబరు చివరి నుంచి: "సాగుతోంది. రెండో పుల్ ఎక్కడ మొదలైందో తెలియలేదు." గ్రూపులు పైకి, కుడికి. ఏ ఏడు తీసినా అదే వరస. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ ఫిర్యాదూ లేదు, స్కోర్లు కూడా ఆ నెలల్లోనే బాగున్నాయి.

ట్రిగ్గర్ అరిగిపోయి ఉంటే అది ఏడాది పొడుగునా అరిగే ఉంటుంది. ఋతువుని బట్టి మారేది ఇనుము కాదు కదా. అక్కడే అనుమానం కర్ర మీదికి పోయింది.

ఈ రైఫిల్ కట్టుబడి తెలియనివాళ్ల కోసం కొంచెం ఆగాలి. నంబర్ 1లోను, దాన్నుంచి వచ్చిన నంబర్ 2లోను ట్రిగ్గర్ బాడీకి, అంటే బ్యారెల్, బోల్ట్ కూర్చునే ఇనప భాగానికి, వేలాడదు. కింద ఉండే ట్రిగ్గర్ గార్డుకి ఒక పిన్నుతో తగిలించి ఉంటుంది. అది కదిలించాల్సిన సియర్ (తూటాని కొట్టే కడ్డీని వెనక్కి పట్టి ఉంచే కొక్కెం) మాత్రం పైన బాడీలో ఉంటుంది. బాడీకి, గార్డుకి మధ్యలో ఉండేది ఫోర్‌ఎండ్, అంటే బ్యారెల్ కింద పొడుగునా పోయే కర్ర. ట్రిగ్గర్ మీద రెండు చిన్న గట్లుంటాయి. మొదటిది సియర్‌ని తాకి కొంత దూరం లాగుతుంది, అది మొదటి పుల్. రెండోది తాకిన చోట చేతికి బరువు తెలుస్తుంది, అక్కడి నుంచి రెండో పుల్. కర్ర ఉబ్బితే గార్డు కిందికి జరుగుతుంది, ట్రిగ్గర్ సియర్‌కి దూరమవుతుంది, పుల్ సాగుతుంది. కర్ర ఎండి కుదించుకుపోతే గార్డు పైకొస్తుంది, మొదటి పుల్ మాయమవుతుంది. ఈ రెండోది మరీ ప్రమాదం. సియర్ పట్టు చాలకపోతే బోల్ట్ గట్టిగా మూసినప్పుడే జారిపోవచ్చు.

ఇంగ్లండ్‌వాళ్లకి ఈ లోపం తెలియక కాదు. తర్వాత వచ్చిన నంబర్ 4 మార్క్ 2లో ట్రిగ్గర్‌ని గార్డు నుంచి తీసేసి బాడీకే తగిలించారు. అప్పటిదాకా వాళ్లు నమ్ముకున్నది ఒక చిన్న కాలర్‌ని. గార్డు ముందువైపు మరని కింగ్ స్క్రూ అంటారు. అది కర్రలోంచి పైకి పోయి బాడీలో బిగుస్తుంది. ఆ మర చుట్టూ కర్రలో ఒక ఇనప గొట్టం ఉంటుంది. మర బిగించినప్పుడు గార్డు, గొట్టం, బాడీ ఇనుముకి ఇనుము ఆనుకుని ఆగిపోతాయి. కర్ర ఎంత ఉబ్బినా, ఎంత ఎండినా ఆ దూరం మారకుండా చూడటమే దాని పని.

మర్నాడు ఆయన ఎదురుగానే కింగ్ స్క్రూ విప్పాను. గొట్టం లేదు. ఎవరో ఎప్పుడో విప్పినప్పుడు రాలిపోయి ఉంటుంది, మళ్లీ పెట్టలేదు. మర బిగుతంతా వట్టి కర్ర మీదే ఆనింది. కన్నం అంచులు నలిగి గుంటపడి ఉన్నాయి.

పెద్దాయన అంత త్వరగా ఒప్పుకునే మనిషి కాదు. "కర్రకీ ట్రిగ్గర్‌కీ ఏం సంబంధమయ్యా?" అన్నారు. తూటా కూర్చునే ఛాంబర్‌లో కాల్చేసిన ఖాళీ కేసు ఒకటి పెట్టి (పాయింట్ టూటూని ఉత్త ఛాంబర్ మీద కొట్టకూడదు, ఎందుకో కింద రాస్తాను) ట్రిగ్గర్ లాగి చూడమన్నాను. సాగింది. మర వదులుచేసి, కర్రకీ గార్డుకీ మధ్య పోస్టుకార్డు ముక్క ఒకటి దూర్చి మళ్లీ బిగించి ఇచ్చాను. ఇంకా సాగింది, రెండో పుల్ జాడే లేదు. కార్డు తీసేసి, మరని మామూలుకన్నా గట్టిగా బిగించి ఇచ్చాను. పొట్టిగా, టక్కుమని పడింది. ఆయన ఏమీ అనలేదు. స్కోరు పుస్తకం తెరిచి ఆ పేజీలో "పోస్టుకార్డు" అని రాసుకున్నారు.

కర్ర పని

కాలర్ లేదంటే కొత్తది చేయించి పెడితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ కర్ర నలిగిపోయి ఉండగా గొట్టం పెడితే ఇనుముకి ఇనుము ఆనుతుంది, మధ్యలో కర్ర వదులుగా ఊగుతుంది. ట్రిగ్గర్ బాగుపడి గ్రూపులు చెడతాయి. అందుకని ముందు కర్ర సంగతే చూశాం.

ఫోర్‌ఎండ్ విప్పి చూస్తే వెనక భాగం నల్లగా, మెత్తగా ఉంది. గోరు గుచ్చితే దిగుతోంది. దశాబ్దాల పాటు రైఫిల్‌ని మూతి పైకి పెట్టి బీరువాలో నిలబెడితే బ్యారెల్‌కి రాసిన నూనె అంతా కిందికి కారి సరిగ్గా అక్కడే చేరుతుంది. బాడీ వెనక్కి తన్నినప్పుడు ఆ దెబ్బని కాసే రెండు చెక్క ముఖాలు కూడా అక్కడే ఉంటాయి. వాటిని డ్రాస్ అంటారు. పాయింట్ టూటూకి దెబ్బ ఏమీ ఉండదు గానీ, ఆ ముఖాలు మెత్తబడితే బాడీ ఒక్కో షాట్‌కి ఒక్కో చోట కూర్చుంటుంది.

నూనె లాగడానికి సుద్దపొడిని థిన్నర్‌లో ముద్దలా కలిపి పట్టు వేశాం. ఆరాక రాల్చేస్తే పొడి పచ్చగా ఊడింది. మళ్లీ వేశాం. అలా పొడి తెల్లగా ఊడేదాకా. వానల్లో ఆరడం కష్టమై హీట్ గన్ దూరంగా పెట్టి వెచ్చచేయాల్సొచ్చింది. ఆ తర్వాత మెత్తబడిన చోటు వరకే ఉలితో తీసి, ఎండిన వాల్‌నట్ ముక్కలు ఎపాక్సీతో అతికించాం. ఈ పని నాది కాదు, నాతో పనిచేసే ఆచారి గారిది. బాడీ లగ్గులకి (డ్రాస్‌కి ఆనే ఇనప గట్లకి) దీపపు మసి పూసి కర్రలో కూర్చోబెట్టి తీసి, మసి అంటిన చోటే గీస్తూ, రెండు పక్కలా సమంగా మసి పడేదాకా ఆయన ఓపిగ్గా కూర్చున్నారు. ఒక పక్క ముందు ఆనితే రైఫిల్ ఆ పక్కకే విసురుతుంది. స్కోరు పుస్తకంలో గ్రూపులు కుడికి పోవడానికి ఇదొక కారణమై ఉండాలి, ఎందుకంటే పాత ముఖాల్లో ఎడమది బాగా అరిగి ఉంది.

ఇషాపూర్ రైఫిళ్లలో ఫోర్‌ఎండ్‌ని అడ్డంగా తొలుచుకుపోయే ఒక మర ఉంటుంది. కర్ర నిలువునా చీలకుండా మన ఫ్యాక్టరీ చేర్చిన జాగ్రత్త అది. ప్రపంచమంతా ఎన్‌ఫీల్డ్ పిచ్చివాళ్లు దాన్ని ఇషాపూర్ స్క్రూ అనే పిలుస్తారు. దీంట్లో ఉంది, బిగుతుగానే ఉంది. ఆ మరే లేకపోతే ఈ కర్ర ఎప్పుడో రెండయ్యేది.

కర్ర కుదిరాక కాలర్. గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేత్ ఉన్న మిత్రుడొకడు మైల్డ్ స్టీల్ రాడ్ నుంచి కావలసినదానికన్నా కాస్త పొడుగ్గా తీసిచ్చాడు. దాన్ని నేను గాజుపలక మీద ఎమెరీ కాగితం పెట్టి రుద్దుతూ తగ్గించాను. మర బిగించినప్పుడు ముందు కర్ర కొంచెం నొక్కుకోవాలి, వెంటనే ఇనుము ఆగాలి. మర చివర్లో చెయ్యికి తెలుస్తుంది ఆ ఆగడం: మెత్తగా వస్తూ వస్తూ ఒక్కసారిగా గోడకి తగిలినట్టు నిలిచిపోతుంది. అంతకుముందే నిలిచిపోతే కాలర్ పొడుగు, ఎంతసేపటికీ నిలవకపోతే పొట్టి. కొలతలు రాయమని చాలామంది అడుగుతారు. ఒక్కో రైఫిల్ కర్రకి ఒక్కో కొలత, అంకె ఇచ్చి లాభం లేదు.

బ్యారెల్ పడక విషయంలో కొత్త ప్రయోగాలేమీ చేయలేదు. ఛాంబర్ దగ్గర లావుపాటి భాగం నిండుగా ఆనాలి, మధ్యలో ఎక్కడా తగలకూడదు, మూతి దగ్గర స్ప్రింగ్ కింద నుంచి పైకి సన్నగా నెట్టాలి. మిలటరీవాళ్లు పెట్టిన పద్ధతే. ఈ స్ప్రింగ్ తుప్పు పట్టి కదలకుండా ఉంది, దాన్ని మార్చాం. బ్యారెల్‌ని పూర్తిగా గాల్లో వదిలేసే పద్ధతి ఇలాంటి సన్నటి బ్యారెల్‌కి నప్పదని నా అనుభవం.

ఇక ట్రిగ్గర్. గార్డు స్థిరపడ్డాక స్ప్రింగ్ కాటాతో చూస్తే రెండో పుల్ ఐదున్నర పౌండ్లు, మిలటరీ లెక్క ప్రకారం మామూలే. 50 మీటర్ల రైఫిల్‌కి ఐ.ఎస్.ఎస్.ఎఫ్. కనీస ట్రిగ్గర్ బరువు పెట్టలేదు కాబట్టి అర పౌండుకి దించెయ్యమన్నారు పెద్దాయన. నేను ఒప్పుకోలేదు. ఈ సియర్‌కీ, అది పట్టి ఉంచే బోల్ట్ వెనక ముక్క కాకింగ్ పీస్‌కీ గట్టిదనం పైపొరలోనే ఉంటుంది, రాయితో ఎక్కువ రుద్దితే ఆ పొర పోయి మెత్తటి ఇనుము బయటపడుతుంది. కొన్నాళ్లకే అరిగి జారడం మొదలవుతుంది. ఆనే ముఖాల్ని కోణం మార్చకుండా సన్నరాయితో నునుపు చేసి, మూడున్నర పౌండ్ల దగ్గర ఆపాను. తర్వాత బోల్ట్‌ని పదేపదే దబాలున మూసి చూశాను, కాక్ చేసి ఉంచి బట్‌ని రబ్బరు సుత్తితో నాలుగు వైపులా కొట్టి చూశాను. సియర్ కదల్లేదు. ఈ పరీక్ష చేయకుండా ఎంత గొప్ప ట్రిగ్గర్ చేసిచ్చినా నేను తీసుకోను, మీరూ తీసుకోకండి.

బట్, సైట్లు

కస్టమ్ పని అని లోకం అనుకునేది ఇక్కడ మొదలవుతుంది. కర్ర పని కన్నా ఇది సులువు.

ఎన్‌ఫీల్డ్‌లో మంచి గుణం ఏమిటంటే వెనక బట్ విడి ముక్క. లోపల నుంచి పోయే పొడుగాటి బోల్ట్ ఒక్కటే దాన్ని సాకెట్‌లో పట్టి ఉంచుతుంది. సిపాయి చేతుల పొడుగుని బట్టి లాంగ్, నార్మల్, షార్ట్, బాంటమ్ అని నాలుగు సైజుల్లో ఇచ్చేవాళ్లు. కాబట్టి అసలు బట్‌ని కొయ్యకుండా, గియ్యకుండా తీసి పక్కన పెట్టి కొత్తది బిగించుకోవచ్చు. మనసు మారితే మళ్లీ పాతది పెట్టుకోవచ్చు. ప్లాస్టిక్ స్టాక్ వద్దనడానికి నాకు ఇదే పెద్ద కారణం. దాన్ని పెట్టినా కాలర్ గొడవ అలాగే ఉండేది, విదేశం నుంచి తెప్పించే తలనొప్పి అదనం.

ఒక హెచ్చరిక. ఈ నంబర్ 1 కుటుంబంలో బట్ బోల్ట్ ముందు చివర పలకలుగా ఉండి ఫోర్‌ఎండ్ వెనక ఉన్న గాడిలో చిక్కుకుని ఉంటుంది. అది వదులు కాకుండా చేసిన ఏర్పాటు. ఫోర్‌ఎండ్ విప్పకుండా బట్ తిప్పితే ఆ పలకల చివర తిరుగుతూ ఫోర్‌ఎండ్‌ని చీల్చేస్తుంది. మన దేశంలో నేను చూసిన చీలిన ఎన్‌ఫీల్డ్ కర్రల్లో చాలా వాటికి ఇదే కారణం. స్క్రూడ్రైవర్ దొరికిందని బట్ ప్లేట్ తలుపు తీసి తిప్పెయ్యకండి.

కొత్త బట్‌ని కాశ్మీరీ వాల్‌నట్‌లో చేశారు ఆచారి గారు. చెంప ఆనే భాగం ఎత్తుగా, చేతికి పిస్టల్ గ్రిప్పుగా. పెద్దాయన్ని బల్ల మీద పడుకోబెట్టి, స్లింగ్ వేయించి, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి తీసుకోమన్నాం. కళ్లు తెరిచినప్పుడు కన్ను సైట్‌కి ఎంత కిందుందో అంత ఎత్తు చెంప కింద పెంచాం. ఆయనకి మెడ నొప్పి ఉంది, మందు వాడుతున్నారు. తల వంచాల్సిన పని తగ్గేసరికి గంటసేపు పడుకున్నా ఇబ్బంది లేదన్నారు. వెనక సర్దుకునే బట్ ప్లేట్, ఫోర్‌ఎండ్ కింద హ్యాండ్ స్టాప్ (ముందు చెయ్యి జారకుండా ఆపే ముక్క) కోసం చిన్న అల్యూమినియం రైలు, ఈ రెండూ ఎయిర్ రైఫిల్ వాళ్ల సామాన్లమ్మే షాపులో దొరికేవే. రైలు కోసం కర్రలో రెండు మరలు దిగాయి. సామాన్లు తగిలించడానికి పాత వస్తువు మీద మేము చేసిన తిరిగిరాని మార్పు ఆ రెండు కన్నాలే, అవి కూడా ఆయన్ని అడిగి.

సైట్ల దగ్గర ఎక్కువసేపు చర్చ జరిగింది. అసలు వెనక సైట్ బ్యారెల్ మీద, కంటికి చాలా ముందు ఉంటుంది. అరవై దాటిన కంటికి వెనక గాడి, ముందు ముల్లు, టార్గెట్ మూడూ ఒకేసారి తేటగా కనపడవు, ఏదో ఒకటి మసక. స్కోప్ కావాలని ఆయన అనుకోవడానికి అసలు కారణం ఇదే. దీనికి మందు అపెర్చర్ సైట్: కంటికి దగ్గరగా చిన్న కన్నం. ఆ కన్నంలోంచి చూస్తే మసక దానంతటదే తగ్గుతుంది. ఇంగ్లండ్‌లో పార్కర్ హేల్ కంపెనీ ఎన్‌ఫీల్డ్‌ల కోసమే పి.హెచ్.5.ఎ అనే సైట్ చేసేది. బాడీ ఎడమ పక్కన, ఉన్న మరల కన్నాల్లోనే బిగుస్తుంది, కొత్తగా డ్రిల్ చేయక్కర్లేదు. నా సొరుగులో ఒకటి ఉండిపోయింది. దాన్ని తుడిచి, ఆడుతున్న గాట్లు సరిచేసి పెట్టాం. కన్నం పెద్దది చిన్నది చేసుకునే ఐరిస్ ఒకటి అడాప్టర్‌తో వెనక బిగించాం. కంటి డాక్టరిచ్చిన లెన్సు కూడా అందులో పెట్టుకోవచ్చు. వెనక సైట్‌లో సరిచేసే లెన్సుకి పోటీ నియమాలు అడ్డు చెప్పవు.

ముందు ముల్లు చుట్టూ గొట్టంలాంటి ఫోర్‌సైట్ బిగించి, లోపల రింగులు మార్చుకునేలా చేశాం. ముల్లు మీద నల్ల గుండ్రాన్ని నిలబెట్టడం కన్నా రింగులో గుండ్రాన్ని కూర్చోబెట్టడం ముసలి కంటికి చాలా తేలిక. రెండు సైట్ల మధ్య దూరం కూడా పాతదానికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లయింది. గురిలో అదే పొరపాటు చేసినా టార్గెట్ మీద తేడా అంత తగ్గుతుంది.

ఛాంబర్

ఉత్త ఛాంబర్ మీద కొట్టకూడదన్నాను కదా. పాయింట్ టూటూ తూటాకి నిప్పు రాజేసే మందు అంచులో ఉంటుంది, ఫైరింగ్ పిన్ అంచునే కొడుతుంది. తూటా లేకుండా కొడితే పిన్ నేరుగా ఛాంబర్ అంచుని కొట్టి సొట్ట పెడుతుంది, ఇనుము లోపలికి పొంగుతుంది. ట్రైనింగ్ రైఫిల్ కాబట్టి దీని మీద వందలమంది కుర్రాళ్లు డ్రై ప్రాక్టీస్ చేసి ఉంటారు. భూతద్దంలో చూస్తే అంచు మీద చంద్రవంక లాంటి గుంట, లోపల సన్నటి పొంగు. తూటా దూర్చడానికి తోయాల్సి రావడం, ఖాళీ కేసు గోరుతో లాగాల్సి రావడం దానివల్లే. గట్టి ఉక్కుతో చేసిన నునుపైన కడ్డీతో ఆ పొంగుని వెనక్కి రుద్ది సరిచేశాం. ఇనుము గీకి తీసెయ్యలేదు. గీకితే ఛాంబర్ పెద్దదై కేసులు ఉబ్బుతాయి.

రేంజ్ మీద

50 మీటర్ల టార్గెట్‌లో పదో రింగు 10.4 మిల్లీమీటర్లు, తర్వాత ఒక్కో రింగుకీ 16 మిల్లీమీటర్లు పెరుగుతుంది. పని మొదలుపెట్టక ముందు పెద్దాయన పది షాట్ల గ్రూపు ఏడో రింగు దాటి, 60 మిల్లీమీటర్ల పైన పరుచుకునేది. అదీ ఋతువు ఋతువుకీ జాగా మారుస్తూ. పని అయ్యాక, ఖడ్కీ ఫ్యాక్టరీ తూటాలతో గ్రూపులు ఎక్కువగా ఎనిమిదో రింగు కొలతలో ఇమిడాయి. ఇంపోర్టెడ్ మ్యాచ్ తూటాలతో తొమ్మిదో రింగులో, అంటే 26 మిల్లీమీటర్లలో. ఎనభై ఏళ్లు దాటిన ట్రైనర్‌కి ఇంతకన్నా అడగడం అత్యాశ. కొత్త అన్‌షుట్జ్ మ్యాచ్ రైఫిల్‌తో పోటీ పడదు. స్ట్రైకర్ (తూటాని కొట్టే కడ్డీ) బరువు ఎక్కువ, పోవాల్సిన దూరమూ ఎక్కువ, ట్రిగ్గర్ పడ్డాక తూటా పేలేలోపు చెయ్యి కదలడానికి బోలెడు వ్యవధి. ఆ లోపాన్ని నేను ముట్టుకోలేదు.

వానాకాలం పరీక్ష వచ్చే ఏడాది దాకా ఆగాల్సొచ్చింది. మేలో వేసిన జీరో (సైట్ల సర్దుబాటు) మీదే నవంబరులో కాల్చారు. ఈ సైట్‌కి ఒక క్లిక్ అర మినిట్ (కోణం కొలత), అంటే 50 మీటర్ల దగ్గర సుమారు ఏడు మిల్లీమీటర్లు. పైకీ కిందికీ ఒక క్లిక్ తేడా వచ్చింది, పక్కలకి ఏమీ లేదు. ట్రిగ్గర్ గడిలో "మేలో లాగే" అని రాసి ఉంది.

రైఫిల్‌ని ఇప్పుడు మూతి కిందికి పెట్టి ఉంచుతున్నారు. బీరువాలో సిలికా జెల్ పొట్లాలు, వాటిని నెలకోసారి ఎండబెట్టమని చెప్పాను. తుపాకీ సంచిలోనే నెలల తరబడి వదిలెయ్యొద్దని కూడా. చెన్నై గాలికి సంచి లోపలి గుడ్డ తడి పీల్చి పట్టుకుంటుంది, బ్లూయింగ్ (ఇనుముకి పట్టించిన నల్లపూత) కింద నుంచి తుప్పు లేస్తుంది.

మిగిలిపోయిన పని బోల్ట్ తలది. ఫైరింగ్ పిన్ కొన అరిగి కాస్త గుండ్రబడింది, ఖడ్కీ తూటాల్లో అప్పుడప్పుడూ ఒకటి రెండో దెబ్బకి గానీ పేలడం లేదు. కొత్త పిన్ చేయాలంటే సరైన టూల్ స్టీల్, హీట్ ట్రీట్‌మెంట్ కావాలి. అంబత్తూరులో హీట్ ట్రీట్‌మెంట్ చేసే చోట మాట్లాడి పెట్టాను. పెద్దాయన మాత్రం పోయినసారి వచ్చినప్పుడు ఇంకో ప్రింటవుట్ తెచ్చారు. ఈసారి అందులో ఒక్కటే వస్తువుంది, చెంప ఎత్తు స్క్రూతో సర్దుకునే రకం బట్. అది చేద్దాం అన్నాను.